పడవ ఉన్న మిస్కీన్లు

జుమ్మా రోజు సూరె కహఫ్ తిలావత్ చేసే ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. అందులో హజ్రత్ మూసా అలైహిస్సలాం, అల్లాహ్ ప్రత్యేకమైన ఇల్మ్ ఇచ్చిన ఒక బందా కలిసి ప్రయాణం చేసిన కిస్సా పిల్లలకు కూడా తెలుసు. ఆ బందాను మన పెద్దలు ఖిజర్ అలైహిస్సలాం అంటారు. ఇద్దరూ ఒక కిష్తీ ఎక్కుతారు. ఖిజర్ దాని పలక ఒకటి ఊడదీస్తారు. మూసా అలైహిస్సలాం సబర్ చేయలేక, ఇదేం పని అని అడుగుతారు. జవాబు చివర్లో వస్తుంది. ముందు దారిలో ఒక జాలిమ్ బాద్షా ఉన్నాడు. బాగున్న ప్రతి పడవనూ జబర్దస్తీగా లాక్కుంటున్నాడు. లోపం కనబడితే ఆ పడవను వదిలేస్తాడు. అందుకే ఆ పలక ఊడింది.

మనం ఇక్కడ అల్లాహ్ హిక్మత్ గురించి నాలుగు మాటలు చెప్పుకుని ముందుకు వెళ్లిపోతాం. ఒక చిన్న మాట వెనకే ఉండిపోతుంది. ఆ పడవ వాళ్లను ఖుర్ఆన్ మసాకీన్ అంది. అంటే మిస్కీన్లు. సముద్రం మీద పని చేసుకుని బతికే మిస్కీన్లు.

పడవ ఉన్నవాడు మిస్కీన్ ఎలా అవుతాడు?

ఈ సవాల్ కొత్తది కాదు. మన ఫుఖహా వందల ఏళ్ల కిందటే దీని మీద బహస్ చేశారు. జకాత్ ఎవరికి చెందుతుందో చెప్పే ఆయత్‌లో ఫకీర్, మిస్కీన్ అని రెండు మాటలు వేర్వేరుగా వస్తాయి. ఇద్దరిలో ఎవరి హాలత్ ఎక్కువ ఖరాబు? షాఫయీ మజ్హబ్ వాళ్లు ఈ కిష్తీ ఆయత్‌నే దలీల్‌గా తెచ్చారు. చూడండి, పడవ ఉన్నవాళ్లను కూడా మిస్కీన్ అన్నారు కదా, అంటే మిస్కీన్ దగ్గర ఎంతో కొంత ఉంటుంది, ఫకీర్ దగ్గర అదీ ఉండదు అన్నారు. హనఫీలు దీన్ని తిప్పి చెప్పారు. మిస్కీనే ఎక్కువ గరీబు, ఆ పడవ వాళ్ల సొంతం కాకపోవచ్చు, కిరాయిది కావచ్చు, లేదా వాళ్ల మీద రహమ్‌తో ఆ మాట వచ్చి ఉండొచ్చు అన్నారు. మనలో ఎక్కువమంది హనఫీలమే. కాబట్టి మదరసాలో మనకు రెండో జవాబే చెబుతారు.

నేను ఆలిమ్‌ను కాను, ఈ బహస్‌లో ఫైసలా చెప్పే తాహతు నాకు లేదు. నా షౌక్ తారీఖ్. పడవ ఉన్నవాడు గరీబుగా ఎలా ఉండిపోతాడన్న దానికి మన తెలుగు తీరం తారీఖ్‌లో ఒక జవాబు ఉంది. అది కొన్న ధరలో కనబడదు, మరమ్మత్తు ఖర్చులో కనబడుతుంది.

మాది తిరువూరు. మామిడి తోటలు, సాగర్ కాలువ, భద్రాచలం వెళ్లే రోడ్డు. సముద్రం కనుచూపు మేరలో లేదు. అయినా మా ఇలాఖా చాలా కాలం ఒక రేవు పేరు మీదే నడిచింది. 1859కి ముందు ఈ వైపు జిల్లాను మచిలీపట్నం జిల్లా అనేవారు. ఆ ఏడు గుంటూరును కూడా కలిపి కృష్ణా జిల్లా చేశారు. పేరు మారినా కలెక్టరు కచేరీ బందరులోనే ఉండిపోయింది. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడి మేం విజయవాడ కిందికి వచ్చేదాకా, కలెక్టరాఫీసు పనంటే మాకు బందరు బస్సు ఎక్కడమే.

బందరు అనే పేరే ఫార్సీ మాట. బందర్ అంటే రేవు. ఊరు పేరుతో పాటు ఆ రేవు మన జబాన్‌లో ఇంకా చాలా వదిలి వెళ్లింది. లంగరు ఫార్సీ లంగర్. గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటాం, అది ఫార్సీ సర్‌హంగ్. తుఫాను అరబీ మాట, హజ్రత్ నూహ్ అలైహిస్సలాం కాలంలో వచ్చిన వరదకు ఖుర్ఆన్ వాడిన మాట కూడా అదే. కళాసీ అంటే జహాజు మీద పనిచేసే ఖలాసీ. లష్కర్ అంటే ఫౌజు. ఆ మాట ముందు ఓడ కూలీకి పేరైంది, ఇప్పుడు మా సాగర్ కాలువ తూముల దగ్గర కాపలా ఉండే లస్కరు దాకా వచ్చింది.

ఇంకో మూడు మాటలు ఉన్నాయి. తెలుగులో ఎవరూ వీటిని పరాయి మాటలు అనుకోరు. ఖర్చు, మరమ్మత్తు, వాయిదా. మొదటిది ఫార్సీ ఖర్చ్, రెండోది అరబీ మరమ్మత్. మూడోదాని వెనక ఉన్నది వాదా, అంటే మాట ఇవ్వడం. ఫలానా రోజుకు అయిపోతుందని ఇచ్చిన మాట తెలుగుకు వచ్చేసరికి, ఇంకో రోజుకు జరపడం అని అర్థం తెచ్చుకుంది. ఇల్లు కట్టించినవాళ్లకీ, బండి షెడ్డుకు ఇచ్చినవాళ్లకీ ఇందులో కొత్త ఏమీ లేదు. ఒక పాత చెక్క ఓడ బతుకంతా ఈ మూడు మాటల్లోనే గడిచింది.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు ఆ సల్తనత్‌కు పెద్ద దర్వాజా. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడికి వచ్చారు. వాళ్లు రాకముందే ఇక్కడి నుంచి జహాజులు పెగూ, అరకాన్, అచే వైపు, అవతల ఈరాన్ రేవులకు, ఎర్ర సముద్రంలోని మోకాకు వెళ్లేవి. మోకా వెళ్లే జహాజులో కలంకారీ బట్ట, బియ్యం ఉండేవి. వాటితో పాటు హాజీలు కూడా ఉండేవారు. సుల్తానుకు సొంత జహాజులు ఉండేవి. ఈరాన్ నుంచి వచ్చి, బందరులో హాకిమ్‌గా పనిచేసి, గోల్కొండ వజీరు దాకా ఎదిగిన మీర్ జుమ్లాకు కూడా సొంత జహాజులు ఉండేవి. మన తారీఖ్ పుస్తకాల్లో ఈ అమీర్ల పేర్లు కనబడతాయి. ఆ జహాజుల అడుగున పాకి, పలకల సందుల్లో పీచు కూరిన మనిషి పేరు ఎక్కడా కనబడదు. జహాజు మాత్రం అతని చేతి మీదే తేలింది.

చెక్క ఓడ ఎందుకు అంత మరమ్మత్తు అడుగుతుందో చూద్దాం.

ముందుగా పురుగు. వెచ్చటి ఉప్పునీళ్లలో చెక్కను తొలిచే ఒక జీవి ఉంది. సైన్సులో టెరెడో అంటారు. చూడ్డానికి పురుగులా ఉంటుంది గానీ ఆలిచిప్పల ఖాందాన్‌కు చెందింది. చిన్నగా ఉన్నప్పుడు సూది మొన అంత రంధ్రం చేసుకుని పలకలోకి దూరుతుంది. లోపలే పెరుగుతుంది, లోపలే తింటుంది. పైనుంచి చూస్తే పలక నిక్షేపంలా ఉంటుంది. లోపల తేనెపట్టులా గుల్లయి ఉంటుంది. ఓడ యజమాని ఎంత హుషారైనవాడైనా పలక ఊడదీస్తే గానీ హఖీఖత్ తెలియదు. ఒక పలక తీస్తే పక్క పలక సంగతి బయటపడుతుంది. అందుకే ముందుగా వేసిన హిసాబు ఏదీ నిలబడదు.

దీనికి అప్పట్లో ఉన్న ఇలాజ్ ఓడకు రెండో చర్మం తొడగడం. అసలు పలకల మీద తారు పూసి, పైన పలచటి చెక్క ఇంకో వరస కొట్టేవాళ్లు. పురుగు పై వరసను తింటుంది, అసలు ఒళ్లు మిగులుతుంది. పై వరస తినేశాక అది పీకి కొత్తది కొట్టాలి. మన తీరంలో సున్నం, నూనె కలిపి దంచిన ముద్దను కూడా ఓడ అడుగున పూసేవారు. ఇంకో ఇలాజ్ ఖుద్రత్ ఇచ్చింది. ఈ పురుగు మంచినీళ్లలో బతకదు. ఓడను నదిలోకి తెచ్చి కొంతకాలం ఉంచితే పురుగు చస్తుంది. నది ఒడ్డున ఉన్న నరసాపురం, కోరంగి లాంటి ఊళ్లకు కద్ర్ ఉండటానికి ఇది కూడా ఒక సబబు.

రెండోది సందులు. పలకకూ పలకకూ మధ్య నారపీచు కూరి, పైన తారు పోయాలి. ఓడ అలల మీద ఊగినప్పుడల్లా పలకలు కొద్దిగా కదులుతాయి, పీచు వదులవుతుంది, నీళ్లు ఊరతాయి. ఈ పని చేసేవాణ్ణి హిందుస్తానీ ఖలాసీలు కలపత్తీ అనేవారు. అరబీ నుంచి పోర్చుగీసు నోట్లో పడి తిరిగి మన దగ్గరికి వచ్చిన మాట అది. ఆ తర్వాత తాళ్లు, అవి ఎండకూ ఉప్పుకూ పిగులుతాయి. తెరచాప గుడ్డ చిరుగుతుంది. మేకులు తుప్పు పడతాయి. కొయ్యస్తంభం బీటలిస్తుంది. ఇవన్నీ ఒకేసారి పాడైతే కొత్త ఓడ కట్టించుకోవచ్చు. అలా జరగదు. ఈ సీజన్‌కు తాళ్లు, వచ్చే సీజన్‌కు చాప, ఆ పైన అడుగు పలకలు. ఓడ ఎప్పుడూ సగం పాతది, సగం కొత్తది.

ఇక వఖ్తు సంగతి. బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద జహాజులు దూరంగా లంగరు వేసుకుంటే సరుకును చిన్న పడవల్లో చేరవేసేవారు. అలాంటి చోట ఓడను ఒడ్డుకు తెచ్చి అడుగు బాగు చేయడం కుదరదు. అందుకని గోదావరి పాయ ఒడ్డున ఉన్న నరసాపురానికి తీసుకెళ్లేవారు. పైనుంచి గోదావరి మీద కలప దిగుతుంది. ఇనుము పని చేసే కమ్మర్లు, వడ్రంగులు, తాళ్లు పేనేవాళ్లు అక్కడే ఉన్నారు. 1669 నుంచి 1679 దాకా బంగాళాఖాతం రేవులన్నీ తిరిగిన ఇంగ్లీషు నావికుడు థామస్ బౌరీ కూడా ఓడలు కట్టడానికి నరసాపురం మంచి చోటని రాసుకున్నాడు.

అక్కడ జరిగిన ఒక మరమ్మత్తు రికార్డులో మిగిలింది. ఇంగ్లీషు కంపెనీ మొదటిసారి మన తీరానికి పంపిన ఓడ పేరు గ్లోబ్. 1611లో బందరు చేరి, అక్కణ్ణుంచి బంటమ్, పటాని, సయాం తిరిగి, 1613 చివర్లో మళ్లీ బందరు వచ్చింది. దాని వర్తకం చూసిన పీటర్ ఫ్లోరిస్ రోజువారీ లెక్క రాసుకున్నాడు. రెండేళ్ల పైచిలుకు వెచ్చటి సముద్రాల్లో తిరిగిన ఓడ అడుగు ఎలా ఉంటుందో పైన చెప్పాను. 1614 ఫిబ్రవరిలో దాన్ని నరసాపురం నదిలోకి తెచ్చారు. ఓడ తేలడానికి తొమ్మిది అడుగుల పైచిలుకు నీళ్లు కావాలి. నది ముఖద్వారంలో ఉన్నవి పదిన్నర అడుగులు. అంటే మధ్యలో మిగిలింది ఒక మూర లోపే. ఓడ లోపలికి రాదని చెప్పినవాళ్లు కూడా ఉన్నారట.

ఓడ లోపలికి వచ్చింది. తిరిగి ఎప్పుడు బయటికి వెళ్లిందో తెలుసా? అక్టోబర్‌లో. కొత్త చెక్క చర్మం తొడుక్కుని ఇసుకమేట దాటింది. ఏడు నెలలు దాటిపోయాయి. మధ్యలో ఆగస్టు నెలలో వరద వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లలో అంత వరద ఎవరూ చూడలేదని ఫ్లోరిస్ రాశాడు. ఉప్పు కుప్పలు, ధాన్యం కొట్టుకుపోయాయి, మనుషులూ పశువులూ వేలల్లో పోయారు. అదే వర్షానికి గోల్కొండ వైపు నాలుగు వేలకు పైగా ఇళ్లు పోయాయనీ, పంతొమ్మిది కమానుల రాతి వంతెనలో ఆరు కమానులు కూలాయనీ ఆయనే రాశాడు. ఓడ ఆ వరదలో కొట్టుకుపోకుండా నిలబడటమే ఖుదా మెహర్బానీ. ఓడ బాగయ్యాక కూడా కదల్లేదు. బందరు హాకిముల దగ్గర రావలసిన బాకీలు ఉన్నాయి. నవంబరులో ఫ్లోరిస్ ఒక హాకిమ్ కొడుకును ఓడ మీదికి పట్టుకెళ్లి కూర్చోబెట్టాడు. అది జుల్మే. అయితే ఓడ నిలబడిపోయిన ప్రతి రోజూ జీతం, తిండి, వడ్డీ రూపంలో ఎంత పిండేదో దాన్ని బట్టి అర్థమవుతుంది.

ఏడు నెలల ఆలస్యం ఈ రోజుల్లో అయితే ఏడు నెలల నుక్సానే. అప్పుడు అంత సులువుగా లేదు. గాలి ఎవరి కోసమూ ఆగదు. మన మౌసం అనే మాటే ఇంగ్లీషులోకి మాన్సూన్‌గా వెళ్లింది. అరబీలో దాని అర్థం నిర్ణీత కాలం. బందరు నుంచి మోకా వెళ్లే జహాజు చలికాలంలో ఈశాన్యపు గాలి మీద బయల్దేరాలి. తిరిగి రావడానికి నైరుతి గాలి పట్టుకోవాలి. వేసవి దాటాక ఇల్లు చేరుతుంది. మళ్లీ బయల్దేరడానికి నాలుగైదు నెలలు ఉంటాయి. మరమ్మత్తు ఆ నెలల్లోనే జరగాలి. అక్టోబర్, నవంబర్ అంటే మన తీరానికి తుఫాను నెలలు. అంటే ఓడ పలకలు ఊడదీసి ఒడ్డున పడుకునే కాలం, తీరం మీద తుఫాను విరుచుకుపడే కాలం ఒకటే.

ఇప్పుడు హిసాబు వేయండి. కలప పది రోజులు ఆలస్యం. వడ్రంగికి జ్వరం, ఇంకో పదిహేను రోజులు. ఒక పలక తీస్తే పక్క రెండు పలకలు కూడా గుల్ల, ఇంకో నెల. ఓడ సిద్ధమయ్యేసరికి గాలి తిరిగిపోయింది. నెల ఆలస్యం ఏడాది ఆలస్యం అయింది. హజ్ నియ్యత్ చేసుకుని ఇల్లూ వాకిలీ ఎవరికో అప్పగించి బందరు చేరిన మనిషికి అది ఒక హజ్ పోవడమే. జహాజు సుల్తానుదైతే ఖజానా ఆ నుక్సాన్ మోస్తుంది. పెద్ద తాజిర్‌దైతే సరుకును రెండు మూడు జహాజుల్లో సర్దుతాడు. ఒకే జహాజు ఉన్న నాఖుదా మాత్రం అప్పు చేస్తాడు. మన షరియత్‌లో ముజారబత్, షిర్కత్ లాంటి పద్ధతులకు తాజిర్లలో అంత రివాజ్ ఎందుకు ఉండేదో ఇక్కడ తెలుస్తుంది. ఒకరి సొమ్ము, ఇంకొకరి మెహనత్. నఫా వస్తే ముందు ఒప్పుకున్న వాటాల ప్రకారం, నుక్సాన్ వస్తే సొమ్ము పెట్టినవాడి సొమ్ములో నుంచి. రేపు ఏ పలక లేస్తుందో తెలియని కారోబార్‌లో నికరమైన వడ్డీ రాసిస్తే, ముందు మునిగేది నాఖుదా.

ఇదంతా పెద్ద జహాజుల కథ. తీరం మీద ఇంకో రకం పడవ ఉండేది. దానికి మేకులు ఉండవు. పలకలకు అంచున బెజ్జాలు చేసి కొబ్బరి పీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేవారు. మద్రాసు నుంచి పైకి ఈ తీరమంతా మసులా పడవ అనేవి ఇవే. రేవు కట్టని తీరంలో అల విరిగే చోట మేకులు కొట్టిన గట్టి పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి లేస్తుంది. పెద్ద జహాజు నుంచి సరుకూ మనుషులూ ఒడ్డు చేరింది వీటి మీదే. హాజీ కాలు నేల మీద పడింది కూడా ఇలాంటి చిన్న పడవలోంచే.

ఈ పడవ కట్టడానికి ఖర్చు తక్కువ. బతికించడానికి మాత్రం ఖర్చు రోజూ ఉంటుంది. కుట్ల సందుల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి, ఒక మనిషి తోడుతూనే ఉండాలి. తాడు కుళ్లితే కుట్లు విప్పి మళ్లీ కుట్టాలి. అమీర్ జహాజుకు మరమ్మత్తు ఏడాదికోసారి వచ్చే బలా అయితే, గరీబు పడవకు అది రోజూ పొయ్యి మీద అన్నంతో పాటు ఉడికే ఖర్చు. సంపాదన పడవ తెస్తుంది, సగం పడవే తింటుంది. పడవ ఉన్న మిస్కీన్ అంటే ఎవరో నాకు ఇక్కడ కనబడ్డాడు.

మరమ్మత్తుకు ఓడ ఒక్కటే ఉంటే సరిపోదు, రేవు కూడా మరమ్మత్తు అడుగుతుంది. కోరంగి హాలే దీనికి సాక్ష్యం. యానాం పక్కన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ ఊరు పద్దెనిమిదో శతాబ్దంలో ఓడలు కట్టడానికీ బాగు చేయడానికీ తీరమంతటా పేరు తెచ్చుకుంది. 1802లో బ్రిటిష్ నౌకాదళపు ఓడ ఆల్బట్రాస్‌కు ఇక్కడే మరమ్మత్తు జరిగింది. ఇక్కడి నుంచి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడివాళ్లు కొరంగీలు అన్నారంటే ఈ రేవు పేరు ఎంత దూరం పాకిందో చూడండి. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుఫాను అల ఈ ఊరి మీదికి లేచింది. సైక్లోన్ అనే మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ రాతల్లో కోరంగి పేరు అందుకే కనబడుతుంది. అయినా జనం తిరిగి వచ్చారు, తిరిగి ఓడలు కట్టారు. చివరికి రేవును చంపింది తుఫాను ఒక్కటే కాదు. నది ఏటా తెచ్చి పోసే ఒండ్రు. ముఖద్వారం పూడిపోతూ వచ్చింది, పెద్ద ఓడ లోపలికి రాలేకపోయింది, కారోబార్ కాకినాడకు జరిగింది. పొగ ఓడలు వచ్చాక తెరచాప ఓడకు గిరాకీ కూడా పోయింది. బందరు సంగతీ దాదాపు అంతే. 1864 నవంబర్ 1 రాత్రి వచ్చిన తుఫానులో ఆ ఊళ్లోనూ చుట్టుపక్కలా సుమారు 30,000 మంది చనిపోయారు. పాత రౌనక్ మళ్లీ రాలేదు.

చెక్క ఓడకు ఎప్పటికీ బతకడం చేతకాదని దీని అర్థం కాదు. 1817లో బొంబాయిలో పార్సీ వాడియా ఖాందాన్ మిస్త్రీలు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధ ఓడ ఇప్పటికీ ఇంగ్లాండులోని హార్టిల్‌పూల్ రేవులో తేలుతోంది. టేకులోని నూనె ఇనుప మేకును కాపాడుతుంది, ఓక్ చెక్కలోని పులుపు అదే మేకును తింటుంది. అయినా ఆ ఓడను తిరిగి నిలబెట్టడానికి 1990లో మొదలుపెడితే పదేళ్లకు పైగా పట్టింది, కోటి పౌండ్లు దాటింది. పురుగుకు ఇలాజ్ అని 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే ఓడకు రాగి రేకు తొడిగింది. పురుగు ఆగింది. రెండేళ్లకు చూస్తే రాగి తగిలిన చోటల్లా లోపలి ఇనుప మేకులు కరిగిపోయి ఉన్నాయి. పాతవాటి మరమ్మత్తులో ఒక చోట మూసిన ఖర్చు ఇంకో చోట తెరుచుకుంటుంది. హుకూమత్‌కైనా, నాఖుదాకైనా అంతే.

ఇప్పుడు బందరు పక్కన గిలకలదిండిలో తెరచాపలు లేవు, ఇంజను బోట్లు ఉన్నాయి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో బోట్లు ఒడ్డుకెక్కుతాయి. చెక్క మారుస్తారు, సందులు పూడుస్తారు, రంగు వేస్తారు, ఇంజను విప్పుతారు. సంపాదన సున్నా, ఖర్చు మాత్రం ఆ రెండు నెలల్లోనే. నాలుగు వందల ఏళ్ల కిందటి హిసాబే ఇది, చాప స్థానంలో డీజిలు వచ్చింది.

ఈ తారీఖ్ మన ఇళ్లకు ఎందుకు కావాలి? రమజాన్‌లో జకాత్ జాబితా రాసేటప్పుడు మన నోట ఒక మాట వస్తుంది. వాళ్లకెందుకు, ఆటో ఉంది కదా. వాళ్లకెందుకు, పాత లారీ ఉంది కదా. ఆ బేవాకు కుట్టు మిషను ఉంది కదా. మా తిరువూరు లాంటి ఊళ్లలో మన బిరాదరీ రోజీ ఎక్కువగా ఇలాంటి వాటి మీదే నడుస్తుంది. ఆటో ఉన్నవాడు బయటికి మాలిక్‌లా కనబడతాడు. గేరుబాక్సు పోయిన నెలలో అతని ఇంట్లో పొయ్యి సంగతి ఎవరికీ కనబడదు. పురుగు తిన్న పలకలా పైకి అంతా బాగుంటుంది.

హనఫీ ఫిఖహ్‌లో ఉండే ఇల్లు, ఎక్కే సవారీ, రోజీ తెచ్చే పనిముట్లు నిసాబ్ హిసాబులోకి రావు. జరూరత్‌కు మించి చేతిలో ఏం మిగిలిందో దాన్నే చూస్తారు. కాబట్టి మిస్కీన్ అనే మాటకు అర్థం దగ్గర షాఫయీలతో మన మజ్హబ్‌కు ఇఖ్తిలాఫ్ ఉన్నా, ఆటో ఉందన్న ఒక్క సాకుతో ఆ ఇంటి పేరు కొట్టేయడానికి మన మజ్హబ్‌లో దారి లేదు. ఒక్కొక్కరి మసలా వేరుగా ఉంటుంది, మీ ఆలిమ్ సాహెబ్‌ను అడగండి. పేరు కొట్టేసే ముందు అడగండి.

మస్జిదుల సంగతి కూడా ఇంతే. కొత్త మీనార్ కట్టాలంటే చందా వెల్లువలా వస్తుంది. కారే పైకప్పుకు, ఖబ్రస్తాన్ గోడకు అడిగితే వచ్చే జుమ్మా చూద్దాం అంటారు. అదే వాయిదా. కట్టినవాడి పేరు రాతి మీద ఉంటుంది, నిలబెట్టినవాడి పేరు జహాజు అడుగున పాకిన మనిషి పేరులాగే ఎక్కడా ఉండదు.

మూసా, ఖిజర్ అలైహిమస్సలాం కిస్సాను సహీహ్ బుఖారీ కూడా చెబుతుంది. అందులో ఒక చిన్న సంగతి ఉంది. బాద్షా హద్దు దాటాక ఆ పడవ వాళ్లు పలక ఊడిన చోటును మళ్లీ బాగు చేసుకున్నారు. దేనితో బాగు చేశారన్న దగ్గర రావీలలో రెండు మాటలు ఉన్నాయి. కొందరు సీసాతో మూశారన్నారు, కొందరు తారుతో మూశారన్నారు. ఇంత పెద్ద హిక్మత్ ఉన్న కిస్సాలో, ఆ బెజ్జం దేనితో మూశారన్న చిన్న సంగతిని కూడా మన పెద్దలు వదల్లేదు. తరం నుంచి తరానికి మోసుకొచ్చారు. పడవ దక్కింది, ఖుదా ఫజల్. ఆ తారు ఖర్చు మాత్రం మిస్కీన్లే పెట్టుకున్నారు.